వెనకదారి

ఫోన్ మోగగానే లక్ష్మీకాంత్ నుదురు కొట్టుకున్నాడు.

"మళ్ళీ ఆయనేనా?"

"ఆయనే," అంది స్తుతి.

ఆయన పేరు హయాత్. ఇండోనేషియాలో ఓ చిన్న దీవి, ఆ దీవి నడుమ అగ్నిపర్వతం. దాని మీదికి యాత్రికుల్ని తీసుకెళ్ళే గైడు. ముఖం చూసింది లేదు, ఫోన్లో గొంతు వినడమే.

స్తుతి, జెస్సీ, లక్ష్మీకాంత్ ప్రత్తిపాడులో ఒకే బడిలో టీచర్లు. పుట్టి బుద్ధెరిగాక వాళ్ళు చూసిందంతా చదును నేలే. మిరపచేలు, పత్తిచేలు. నిప్పు కక్కే కొండ అంచున నిలబడి ఒక్కసారి లోపలికి చూడాలని స్తుతికి చిన్ననాటి నుంచీ కోరిక. పిల్లలకు ఆ పాఠం చెప్పిన ప్రతి ఏడూ అది మళ్ళీ రాజుకునేది. ఈ వేసవి సెలవుల్లో ముగ్గురికీ కుదిరింది.

స్తుతి స్పీకర్ పెట్టింది. అటూ ఇటూ అరకొర ఇంగ్లీషే.

"అమ్మా, బూట్లు కొన్నారా?"

"కొన్నామండీ."

"ఇప్పట్నుంచే వాటితో ఊళ్ళో నడవండి. కొత్తవి కొండ మీద కరుస్తాయి. ముక్కుకు కట్టుకోను గుడ్డ తెచ్చుకోండి, ఆ పొగ మంచిది కాదు."

"సరేనండీ."

"కొండ ఈమధ్య గొణుగుతోంది. నేను వద్దన్న రోజున ఎక్కకూడదు. ముందే చెబుతున్నా."

లక్ష్మీకాంత్ ఫోన్ లాక్కున్నాడు.

"వెనకవైపు ఇంకో దారుందటగా? వీడియోల్లో చూశాం. అక్కడ చెక్‌పోస్టు కూడా లేదట. శనివారం పొద్దున్నే మేమే ఎక్కేస్తాం. మీరు రానక్కర్లేదండీ."



"బాబూ, ఆ దారిన వెళ్ళినవాళ్ళు పైన ఉన్నట్టు కింద ఎవరికీ తెలియదు. వద్దు."

"బేరం పోతుందని బెంగ," అన్నాడు లక్ష్మీకాంత్ తెలుగులో.

జెస్సీ నవ్వింది. స్తుతికీ నవ్వొచ్చింది.

ఆ తర్వాత పొద్దునా సాయంత్రం ఫోన్లే.

"నాకేమీ ఇవ్వొద్దు తల్లీ. నన్ను వెంట రానివ్వండి, చాలు," అనేవాడు.

విసుగొచ్చి స్తుతి ఆ నంబరు బ్లాక్ చేసింది.

తీరా రేపు ప్రయాణమనగా అకాల వాన కొట్టింది. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయలు తడిసి ముద్దయ్యాయి. లక్ష్మీకాంత్ వాళ్ళ నాన్న వెంకటనారాయణ కల్లంలోనే కూలబడ్డాడు.

"ఏడాది కష్టంరా! నీళ్ళపాలైందిరా!"

ఆ మనిషిని వదిలి వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ప్రయాణం మానుకుని ముగ్గురూ కాయల మీదికి టార్పాలిన్ పట్టాలు లాగారు. కాయలు తిరగబోశారు. కుళ్ళినవి ఏరి పారేశారు.

హయాత్‌కు ఒక మాట చెబుదామా అని స్తుతికి ఒకసారి తోచింది.

ఆయనా వద్దనేగా అంటున్నాడు అనుకుని ఊరుకుంది.

ఆదివారం చర్చి బయట జెస్సీ ఫోన్లో వార్త చూపిస్తూ స్తుతి చెయ్యి పట్టుకుంది.

"చూడవే, మన కొండ! నిన్న పొద్దున్నే పేలిందట."

"అయ్యో! ఎవరైనా...?"

"యాత్రికులందర్నీ ముందే దించేశారట. ఊరి మనిషి ఒక్కడే కనబడ్డం లేదట."

స్తుతి ఆ వార్త మళ్ళీ చదివింది. నిన్న పొద్దున్న తామక్కడ ఉండాల్సింది. ఆ పెద్దాయన నోరు నొప్పి పుట్టేలా చెబితే నవ్వారు.

నంబరు బ్లాక్ తీసి, అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

ఆడమనిషి ఎత్తింది.

"హయాత్ గారున్నారా? నా పేరు స్తుతి. ఇండియా నుంచి..."

"స్తుతీ? బతికే ఉన్నారా? మిగతా ఇద్దరూ?"

"బాగున్నాం. మా ఊళ్ళోనే ఉన్నాం. అసలు రానేలేదు. మీరెవరండీ?"

"ఆయన కూతుర్ని. రానేలేదా మీరు?"

"లేదమ్మా. ఇక్కడ వానలు పడి... ఒక్కసారి నాన్నగారికివ్వండి, క్షమించమని అడగాలి."

అవతల వెక్కిళ్ళు. 

"కొండ పేలినప్పుడు నాన్న ఇంట్లోనే ఉన్నాడు. మీకు ఫోన్ మీద ఫోన్ చేశాడు, కలవక ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. అందరూ దిగిపోయారని ఊరంతా చెబుతున్నా వినలేదు. 'వెనకదారిలో ముగ్గురు పిల్లలున్నారు, ఆ సంగతి నాకొక్కడికే తెలుసు' అంటూ మీకోసమే పైకి వెళ్ళాడు."