పిట్టగోడ లేని మేడ

"రాజుగారండోయ్! మీ మేడ మీద ఎవరో నిలబడ్డారండీ, అంచునే!"

శేషారత్నం ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసి కేకేసింది. ఆమె చూస్తున్నది మేడ వంక కాదు, రోడ్డు వంక. ఏలూరులో ఆ వీధి పొద్దున్న చూసినవాడు సాయంత్రం వస్తే పోల్చుకోలేడు. పొద్దున్న ఎండ తిన్నగా మేడ మొహాన కొడుతుంది, అందుకని అప్పుడు ఆమె ఇస్త్రీ బండి ఎదురు వరసలో ఉంటుంది. పొద్దు వాలితే ఇటు లాక్కొస్తుంది. మేడ నీడ రోడ్డంతా పరుచుకుని వీధికి ప్రాణం లేచొస్తుంది. ఇవాళ ఆ నీడ చివర ఇంకో నీడ కనిపించింది. అచ్చం మనిషి నీడ!

మేడ యజమాని నరసరాజు గేటు తీసుకుని వచ్చాడు. రోడ్డు మీదకి చూసి ఫక్కున నవ్వాడు.

"అదా! దిష్టిబొమ్మమ్మా. పై అంతస్తుకి స్లాబు వేశాం కదా, జనం కళ్ళు పడకుండా బొమ్మ కట్టమని మేస్త్రీ సుబ్బారావుకి చెప్పాను. కట్టేసుంటాడు."

"బొమ్మ కదులుతుందాండీ?"

"గడ్డి కుక్కిన చొక్కా, గాలికి కదలదూ?"

శేషారత్నం మనసు ఒప్పుకోలేదు. మెడ రిక్కించి చూస్తే సన్‌షేడ్ అడ్డం. పరుగున రోడ్డు దాటి చూస్తే సూర్యుడు సరిగ్గా మేడ వెనకే ఉన్నాడు. కళ్ళు జిగేల్మని నీళ్ళు కారాయి తప్ప ఏమీ కనబడలేదు. పైన పిట్టగోడ కూడా ఇంకా కట్టలేదాయె!

"పాపేదండీ?" అంది వెనక్కొచ్చి, ఆయాసపడుతూ.

"గాయత్రి పడుకుంది. అయినా ఆ నీడ పొడుగు చూడు, ఆరడుగులుంది. మా అమ్మాయి నా నడుం దాకా కూడా రాదు. ఊరికే కంగారు పడతావేంటమ్మా!"

పక్క కొట్లో బట్టలు కుట్టే స్టెల్లా మిషను ఆపి మరీ నవ్వింది. "పట్టపగలే దయ్యాలు కనబడుతున్నాయా పిన్నిగారూ?"

శేషారత్నానికి తల కొట్టేసినట్టయింది. నిజమే, అంత పొడుగు మనిషి ఆ ఇంట్లో ఎవరున్నారు? చొక్కా మీద నీళ్ళు చిలకరించి పెట్టె అందుకుంది.

అప్పుడే సైకిలు బెల్లు మోగింది. మేస్త్రీ సుబ్బారావు గబగబా దిగాడు. వెనక క్యారేజీకి గడ్డిబొమ్మ తలకిందులుగా కట్టి ఉంది. కుండ తలకాయ, ఇంతేసి మీసాలు.

"ఏమీ అనుకోకండి రాజుగారూ. రంగు ఆరేసరికి ఈ వేళయింది. ఒక్క క్షణంలో కట్టేస్తానండీ."

నరసరాజు మొహంలో నవ్వు అలాగే ఉండిపోయింది. స్టెల్లా కెవ్వుమంది. శేషారత్నం పెట్టె వదిలేసి మెట్లకేసి పరుగెత్తింది. చొక్కా కాలి పొగ లేస్తున్నా ఎవరూ చూడలేదు. అందరూ రోడ్డునే చూస్తున్నారు. అక్కడ నీడ రెండు చేతులూ పైకెత్తింది.

"నాన్నగారండోయ్!" మేడ మీంచి గాయత్రి కేరింత వినబడింది. "రోడ్డు మీద నా నీడ చూడండి... మీకంటే పొడుగైపోయాను!"