మంగమ్మ గేమ్ పెట్టె

బుడమేరు పొంగి బెజవాడ సగం మునిగిన ఏడాది అది.

ఆగిరిపల్లి అవతల మామిడితోటలో కావలి ఉండే వీరయ్య ఇంట్లోకి వరద రాలేదు. కానీ రేకుల సందులోంచి కారిన వాన సరిగ్గా గేమ్ పెట్టె మీదే పడింది.

క్యాసెట్ గుచ్చి, టీవీకి తగిలించి ఆడే పాతకాలపు పెట్టె అది. కూతురు దివ్య చిన్నప్పుడు ఆడుకున్నది.

ఇప్పుడు దాని అవసరం వీరయ్య భార్య మంగమ్మకి.

పక్షవాతం వచ్చి ఆమె కుడిచెయ్యి చచ్చుపడింది. వేళ్ళు కదుపుతూ ఉండాలి, మానేస్తే బిగుసుకుపోతాయని నూజివీడు డాక్టరు చెప్పాడు. పిసకమని ఇచ్చిన రబ్బరు బంతిని ఆమె గుమ్మం అవతలికి విసిరేసింది. ఈ పెట్టెని మాత్రం వదల్లేదు. తెరమీద గెంతే బొమ్మని గుంటలు దాటించడానికి పొద్దస్తమానం బటన్లు నొక్కేది. బొటనవేలు కదిలింది. చూపుడువేలు కదలబోతోంది.

అంతలో పెట్టె మూగబోయింది.

వీరయ్య తనకి తెలిసిన వైద్యం చేశాడు. కాయలు మాగవేసినట్టు గడ్డిలో పెట్టి, పైన గోనెపట్టా కప్పాడు. గడ్డి తడి లాగేస్తుందనుకుంటే, ఉన్న తడికి ఆవిరి తోడైంది.

దివ్య హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చి చూసి, ఏం చెయ్యాలో తోచక వెళ్ళిపోయింది.

మంగమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. వేళ్ళు మళ్ళీ ముడుచుకుపోసాగాయి.

తోట లీజుకి తీసుకున్న షావుకారు కొడుకు చైతన్యని వీరయ్య బతిమాలాడు. నూజివీడు నుంచి టీవీ మెకానిక్‌ని పంపుతానన్నాడు చైతన్య. ఆ మెకానిక్ ఎంతకీ రాలేదు.

ఒక మధ్యాహ్నం గుమ్మం ముందు బైకు ఆగింది. దిగినతనికి మోకాళ్ళ దాకా బురద. వీపున సంచి.

"వీరయ్యగారిల్లు ఇదేనాండీ? ఆ పాత గేమ్..."

"వచ్చావా నాయనా. ఇంకా రాకపోతే పెట్టెకి పెద్దకర్మ చేసేద్దామనుకుంటున్నా."

అతను ఏదో చెప్పబోయాడు.

"కబుర్లు తర్వాత. మీ మెకానిక్కులకి కబురంపితే చాలదు, పల్లకీ పంపాలి. చెప్పులు అక్కడ విడువు. ఇదిగో పెట్టె. అదిగో, దాన్ని ఆడే మనిషి."

అతను లోపలికి చూశాడు. మంచం మీద మంగమ్మ. దుప్పటి మీద ముడుచుకున్న చెయ్యి.

"అమ్మగారా ఆడేది?"

"మరి నేనా? మందుల కంటే అదే పనిచేసింది. ఆ చెయ్యి లేస్తుందో లేదో ఇక నీ చేతిలో ఉంది."

అతను పెట్టెని చూశాడు, ఆ చేతిని చూశాడు. తర్వాత గచ్చు మీద కూర్చుని సంచి విప్పాడు.

మరలు తీసి పెట్టె తెరవగానే గడ్డిపరక బయటపడింది.

"ఇదేంటండీ?"

"మాగవేశాను."

"పండిందా మరి?"

మంచం మీంచి సన్నగా నవ్వు వినిపించింది. వాన పట్టిన తర్వాత మంగమ్మ నవ్వడం అదే మొదలు.

అతను స్పిరిట్‌లో బ్రష్ ముంచి లోపలి తుప్పు తుడిచాడు. క్యాసెట్ అంచునున్న రాగి పళ్ళని రబ్బరుతో రుద్దాడు. సాయం చేద్దామని వీరయ్య క్యాసెట్ అందుకుని ఊదబోయాడు.

"ఊదకండి బాబాయ్. నోటి తడికి తుప్పు పడుతుంది."

"దివ్య చిన్నప్పట్నుంచీ ఊదుతూనే ఉన్నాం."

"అందుకే ఇలా ఉందండీ."

"నోరు బాగానే పనిచేస్తోంది నీకు. చేతిని కూడా కాస్త పనిచెయ్యనీ."

డబ్బా టీవీకి వైరు తగిలించారు. ముందు చుక్కలు. అతను టీవీ వెనక్కి వెళ్ళి మీటేదో తిప్పాడు. చుక్కలు పోయి రంగులొచ్చాయి. పాట మోగింది.

మంగమ్మని లేపి కూర్చోబెట్టి, జాయ్‌స్టిక్ చేతిలో పెట్టారు. ఆమె నొక్కింది. బొమ్మ గెంతలేదు. గుంటలో పడింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ పడింది.

"ఇంక ఈ వేలు రాదయ్యా," అంది మొగుడితో. జాయ్‌స్టిక్ ఒళ్ళో వదిలేసింది.

అతను జాయ్‌స్టిక్ అందుకుని నొక్కి చూశాడు.

"తప్పు మీ వేలిది కాదమ్మా. బటన్ కింద రబ్బరు గట్టిపడిపోయింది."

సంచి అడుగునుంచి గుడ్డలో భద్రంగా చుట్టిన అలాంటి జాయ్‌స్టిక్కే ఇంకోటి తీశాడు. కొత్తదానిలా మెరుస్తోంది. ఒక్క క్షణం దాన్ని చేతిలో తిప్పి చూసి, మూత విప్పి, అందులోని మెత్తటి రబ్బరు తీసి మంగమ్మ దాంట్లో వేశాడు.

మంగమ్మ నొక్కింది. బొమ్మ గుంట దాటింది.

వీరయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గుండెల మీంచి ఎవరో బస్తా దించినట్టుంది.

"భోంచేసి వెళ్ళమనయ్యా," అంది మంగమ్మ, తెరమీంచి చూపు తిప్పకుండా.

"మెకానిక్ అన్నాక ఇంకో పదిళ్ళు తిరగాలే," అన్నాడు వీరయ్య. "నీ కూలెంత అబ్బాయ్?"

"అమ్మగారు ఆడారు కదండీ."

చైతన్యబాబే ఇచ్చి ఉంటాడని వీరయ్య రెట్టించలేదు. పేరు కూడా అడగలేదు.

అతను లేస్తూ పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి నిమిరాడు.

"ఆడనప్పుడు గుడ్డ కప్పండి బాబాయ్. తడిస్తే మాత్రం గడ్డిలో పెట్టకండి."

బైకు మైలవరం వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి మంగమ్మ అప్పటికే టీవీ ముందుంది. వీరయ్య ఇంట్లో ఉన్న మామిడి తాండ్ర పొట్లం కట్టి, ఆ మెకానిక్‌కి ఇచ్చి, పేరన్నా కనుక్కుందామని నూజివీడు బయల్దేరాడు. వానలకి తోట దగ్గర సిగ్నల్ పోయి మూగబోయిన ఫోను, ఆగిరిపల్లి సెంటరుకి రాగానే మోగింది.

దివ్య.

"నాన్నా, ఆ పాడైపోయిన పెట్టె కళ్ళెదుట ఉంటే అమ్మ బెంగపడుతుందని నేనే అమ్మకానికి పెట్టాను, ఫోను కలవక నీకు చెప్పలేకపోయా, అలాంటివి సేకరించి దాచుకునే ఆయన దానికోసమే హైదరాబాద్ నుంచి ఈ వానల్లో బండేసుకుని బయల్దేరాడు, వచ్చి పట్టుకెళ్ళాడా?"