కరిగే స్క్రూ, కరగని స్క్రూ

తోడికోడళ్ళిద్దరూ తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని మెలిపెట్టి పిండుతుంటే అది కాస్తా నడిమికి చిరిగింది. చెరోవైపు పడ్డారు. అరవై దాటిన ఇద్దరికీ ఒకే రోజు తుంటి ఎముక విరిగింది.

లోహపు స్క్రూలు వెయ్యాలా, ఎముక అతికాక వాటంతటవే కరిగిపోయేవి వెయ్యాలా అన్నది ఆపరేషన్‌లోనే తేలుస్తానన్నాడు డాక్టరు.

ఆపరేషన్లయ్యాక చిన్నకోడలు మంచం దిగనంది. "ఇంక నేను నడిచినట్టే," అని గోడవైపు తిరిగి పడుకుంది.

పక్క మంచం మీంచి పెద్దకోడలు అంది: "నాకు కరిగేవి వేశార్లే, కొత్త రకం. నీకు మామూలు లోహమేనట. చూస్తుండు, ముందు నేనే లేచి తిరుగుతా."

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. "కరిగిపోయేదాన్ని నమ్ముకుని ఎంత దూరం పోతావక్కా? నాది గట్టి సరుకు," అంటూ వాకర్ అందుకుంది.

ఆ రోజు నుంచి ఒకరు తలుపుదాకా వెళితే ఇంకొకరు మెట్లదాకా వెళ్ళారు. ఓసారి వరండాలో వాకర్లు రెండూ ఢీకొంటే నర్సు వచ్చి విడదీయాల్సి వచ్చింది. మూడో నెలకి ఇద్దరూ చేతికర్ర లేకుండానే పరీక్షకి వచ్చారు.

పెద్దకోడలు ఒక్కతే డాక్టరు గదిలోకొచ్చి, తలుపు మూసి కుర్చీలో కూర్చుంది. "డాక్టరుగారూ, ఇద్దరికీ లోహమే వేశారని దానికి మాత్రం చెప్పకండి. పోటీ లేదని తెలిస్తే మళ్ళీ మంచమెక్కుతుంది."

డాక్టరు తల వంచుకుని మందులచీటీ రాశాడు. పది నిమిషాల కిందట అదే కుర్చీలో కూర్చున్న చిన్నకోడలు, "అక్కకీ లోహమేనని ఎక్స్‌రేలో చూశాను, తనకి మాత్రం చెప్పకండి. తనవి కరిగేవనుకుంటోంది పాపం, తెలిస్తే డీలా పడిపోతుంది," అని ఆయన చేత ఒట్టు వేయించుకుని వెళ్ళింది.