ఆకు మీద మచ్చ

ఒక వరి ఆకులో గదుల్లాంటి కణాలు పక్కపక్కనే కాపురముండేవి. ఒక పొద్దున మంచుబొట్టుతోపాటు అగ్గితెగులు బూజు వచ్చి చివరి కణం గోడకు అతుక్కుంది.

"చలేస్తోందమ్మా, కాస్త లోపలికి రానిస్తావా?" అని అడిగింది.

"గోడ కట్టుకుంటున్నాను. ఇప్పుడు వీలుపడదు," అంది కణం. నిజంగానే అది బూజు ఆనిన చోట లోపలినుంచి గోడను మందంగా మెత్తుతోంది.

బూజు ఇక అడగలేదు. మేకు లాంటి ముక్కుతో గోడను పొడిచింది. గోడ చిట్లింది.

"అక్కా, వచ్చేసింది! మీరంతా గోడలు గట్టి చేసుకోండి," అని ఆ కణం పక్కింటి కణానికి కేకేసింది.

"మరి నువ్వో?"

"నాకు కాస్త పనుంది."

ఆ పని తనను తాను కాల్చుకోవడం. బూజు లోపలికొచ్చేసరికి ఇంట్లో తినడానికి మెతుకు లేదు, తాగడానికి చుక్క లేదు. చుట్టూ గోడలన్నీ గట్టిపడిపోయాయి. బూజు మూడు రోజులు ఆకలితో కూర్చుని, అక్కడే ఎండిపోయింది.

నాలుగో రోజు ఒక మిడత ఆకు మీద వాలింది. "ఇంత చక్కటి ఆకుకి ఈ గోధుమరంగు మచ్చేమిటి, అసహ్యంగా!" అంది.

"మచ్చ కాదు, మా చెల్లెలు," అంది పక్కింటి అక్క.

మిడత వేరే ఆకు మీదికి వెళ్లి తినడం మొదలుపెట్టింది.