తాతల నాటి చేతివాటం

ఉషారాణి భర్తతో కలిసి వెంకటాచలంలో పెళ్ళికి బయలుదేరింది. కారు వీధి మలుపు తిరిగిందో లేదో, పెరట్లో మునగచెట్టు చాటున నక్కి ఉన్న పద్మనాభయ్య వంటింట్లోకి దూరాడు.

వాళ్ళు తిరిగొచ్చేలోగా సరుకు దొరకాలి. పట్టుబడితే మళ్ళీ నెల్లూరు తీసుకుపోతారు. పోయినసారి వారం రోజులు ఉంచారు. అక్కడి కూట్లో ఉప్పూ లేదు, కారమూ లేదు.

ఈ విద్య అతనికి తాత ఇచ్చిన ఆస్తి. కొడవలూరు పిల్లులన్నీ ఆ తాత దగ్గరే నడక నేర్చుకున్నాయంటారు. నూరేళ్ళ కిందట ఆడవాళ్ళు ఏది దాచినా బియ్యం కుండలోనే. తాత చెయ్యి పెట్టి తీస్తే పైగింజ కూడా కదిలేది కాదు. నాన్న కాలానికి సరుకు అటకెక్కింది. నిచ్చెన లేకుండా నాన్నా ఎక్కాడు. పద్మనాభయ్య పడుచుతనంలో అది ట్రంకుపెట్టెలోకి మారింది. తాళంచెవి ఇల్లాలి బొడ్లో. ఆమె గురక ఆగకుండా దాన్ని లాగిన మొనగాడు అతను.

ఇప్పుడో? కుండ లేదు, అటక లేదు. గోడంతా అరలే. అర తలుపు తీస్తే తనంతట తానే మూసుకుంటోంది, వేళ్ళు కూడా లోపలే దాచుకునేటట్టు. చెయ్యి తగిలి ఏదో మిషను కుయ్యిమని అరిచింది.

కిటికీ బయట కాపలా ఉన్నవాడు పెంచల్. సగం వాటాకు ఒప్పుకుని వచ్చిన స్నేహితుడు. ఆ అరుపుకు ఉలిక్కిపడ్డాడు.

"ఏందన్నా, ఇంకా? మీ నాయనైతే ఈపాటికి పని కానిచ్చి అరుగు మీద కూర్చోనుండును."

"అప్పుడు మిషన్లు అరిచేవా పెంచలా? నోరు మూసుకొని వీధి చూడు."

"చూస్తానే ఉండా. దొరికితే మాత్రం నా పేరు చెప్పబాక."

బీరువా వెతికాడు. చీరలు. దిండ్లు పీకి తడిమాడు. దూది. సోఫా కింద దూరాడు గానీ బయటికి రాలేక కాసేపు అక్కడే ఈత కొట్టాడు. గోడ మీద తెల్ల డబ్బా ఒకటి, దోమల మందు మిషను కాబోలు, పచ్చదీపం వెలిగించుకుని అతని వైపు తిరిగింది. అతను పట్టించుకోలేదు. ఇక మిగిలింది బట్టలు ఉతికే మిషను ఒక్కటే. మూత ఎత్తి అందులో తల పెట్టాడు.

అప్పుడు ఆ తెల్ల డబ్బాలోంచి ఉషారాణి గొంతు వినిపించింది: "మామా, మలైకాజాలు నా బ్యాగులోనే ఉండాయి గానీ, మీరు ఆ దిండ్లు సర్దేసి షుగరు మాత్ర వేసుకోండి."