గది మైకు

ఇప్పుడు ఏ ఊరేగింపులోనైనా డప్పు మోగేది స్పీకరు పెట్టెలోంచే. ఆ పెట్టెలన్నిటిలో ఉన్న దెబ్బలు మొండయ్యవి. ఇరవై ఏళ్ళ కిందట ఎవరో కంపెనీవాళ్ళు అతని ఇంటికే వచ్చి, ఒక మైకు డప్పుకు ఆనించి, ఇంకొకటి గది మూలన పెట్టి రికార్డు చేసుకుపోయారు.

పెళ్ళి ఊరేగింపు కనబడితే చాలు, మొండయ్య పెట్టె నడిపే మనిషి దగ్గరికి పోతాడు. ఈరోజు ఆ మనిషి హారిక.

"బిడ్డా, డప్పు మైకు తగ్గించి గది మైకు జర పెంచవా."

గది మైకులో, దెబ్బల వెనక, అతని భార్య రాజవ్వ ఉంటుంది. గుమ్మం బయట గడ్డిమంటకు, తోలు బిగిసేలా, రెండో డప్పు కాగబెడుతూ, "కాగింది, పట్టు" అంటుంది. ఆమె పోయి ఆరేళ్ళు.

హారిక పెంచింది. దెబ్బలు దూరం జరిగాయి. గొంతు రాలేదు.

"నిన్ననే కొత్త అప్‌డేట్ వచ్చింది తాతా. గదిల సప్పుడంత తీసేసిన్రట. అన్ని పెట్టెలల్ల దానంతటదే మారింది."

"పాతది ఎవరితానన్న ఉంటదా?"

"ఉండదు." ఆమె తెర చూపించింది. "వేరే గదుల మోతలున్నయ్. గుడి, కోట, గుహ. ఏది పెట్టమంటవ్?"

అతని దెబ్బలకే పెళ్ళివాళ్ళు ఎగురుతున్నారు. మొండయ్య పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

కాగనే లేదు.