పదిన్నర

"సర్టిఫికెట్లు ఏవమ్మా?" అన్నాడు సైన్సు మాస్టారు.

"లేవండీ. వరదలో ఇల్లు మునిగింది. ఇదొక్కటే దక్కింది," అంటూ ఆవిడ చేతిసంచిలోంచి ఒక పతకం తీసి బల్ల మీద పెట్టింది.

అరచేయంత ఉంది. పచ్చగా మెరుస్తోంది. దాని మీది అక్షరాలు ఏ భాషవో మాస్టారికి అంతుబట్టలేదు.

బడిలోని ఈతకొలనుకి కోచ్ కావాలని పేపర్లో వేయించింది ఆయనే. అవసరం అలాంటిది మరి! ఈ ఏడాది పోటీల్లో ఒక్క మొదటి బహుమతైనా రాకపోతే కొలను పూడ్చేసి బస్సులు నిలుపుకుంటామని యాజమాన్యం కుండబద్దలు కొట్టింది. ఆ కొలనంటే మాస్టారి కూతురికి ప్రాణం. ఇంట్లో అందరూ ఆ పిల్లని చేపపిల్ల అనే పిలుస్తారు.

"ఇదెక్కడిది?"

"వయసులో ఉన్నప్పుడు ఈత పోటీలో ఇచ్చారండీ. మొదటి బహుమతి."

"బంగారమేనా?"

"బంగారు పతకమనే అంటారు."

మాస్టారు ఆవిణ్ణి ఎగాదిగా చూశాడు. నెరిసిన జుట్టు, వెలిసిన బట్టలు, అరిగిన చెప్పులు.

ఆయనకి మనుషుల మాట మీద నమ్మకం తక్కువ. వస్తువు మాత్రం అబద్ధమాడదంటాడు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్ళని తోటి టీచర్లు చాటుగా నవ్వుకుంటారు, అది వేరే సంగతి.

"ఏమీ అనుకోకండి. ఇప్పుడే తేల్చేస్తాను," అని పక్కనున్న ప్రయోగశాలలోకి దారితీశాడు.

రిబ్బను విప్పి పతకాన్ని త్రాసులో పెట్టాడు. రెండు వందల పది గ్రాములు.

తర్వాత దానికి దారం కట్టి, అంచు దాకా నీళ్ళు నింపిన పాత్రలోకి మెల్లగా దించాడు. పొర్లిన నీళ్ళని కొలజాడీలో పట్టాడు. ఇరవై మిల్లీలీటర్లు.

"చూడండమ్మా. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత వస్తుంది. రెండు వందల పదిని ఇరవైతో భాగిస్తే?"

"పదిన్నర," అందావిడ.

"బంగారమైతే పంతొమ్మిది దాటాలి. పదిన్నర అంటే వెండి! రెండో బహుమతికిచ్చిన వెండి పతకానికి బంగారు పూత పూయించి మొదటిదంటున్నారు. మెరిసేదంతా బంగారం కాదమ్మా. వెళ్ళి రండి."

ఆవిడకి కోపం రాలేదు. పతకాన్ని చేతిరుమాలుతో తుడుచుకుంది.

"మీ లెక్కలో తప్పేమీ లేదు మాస్టారూ. నన్ను నీళ్ళలోకి దిగి చూపించమంటారనుకున్నాను. మీరు దీన్ని దించారు."

మాటకేం, ఎన్నైనా చెబుతారు అనుకున్నాడు మాస్టారు.

వెళుతూ వెళుతూ ఆవిడ కొలను దగ్గర ఆగింది. ఈదుతున్న చేపపిల్ల ఒడ్డుకు రాగానే వంగి చెప్పింది.

"ఊపిరి కోసం తలంతా పైకెత్తేస్తున్నావమ్మాయ్. పక్కకి తిప్పు, చాలు. నిన్ను నీళ్ళే మోస్తాయి."

అంతే, వెళ్ళిపోయింది.

"ఎవరు నాన్నా ఆవిడ?"

"దొంగ పతకం పట్టుకొచ్చింది. గుట్టు రట్టు చేసి పంపించా!"

ఆ పూట మాస్టారు మారడిగి మరీ తిన్నాడు.

మర్నాడు ఇంకో కోచ్ దొరికాడు. ఆయన తెచ్చిన సర్టిఫికెట్ల ఫైలు దిండంత లావుంది. ఒంటికి నీటి చుక్క తగలనివ్వడు గానీ ఈల మాత్రం బ్రహ్మాండంగా ఊదేవాడు.

పోటీల రోజు రానే వచ్చింది. మిగతా పిల్లలు పొద్దున్నే ఓడిపోయారు. ఇక ఆశంతా చేపపిల్ల మీదే.

ఎన్నడూ లేనంత జోరుగా ఈదింది ఆ పిల్ల. మాస్టారు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. చివర్లో పక్క బడి పిల్ల వేలెడంత ముందుగా గోడ తాకేసింది.

కొలను పోయినట్టే.

"ఆవిడ చెప్పినట్టే తల తిప్పాను నాన్నా," చేపపిల్ల వెక్కుతూ అంది. "అందుకే ఇంతదాకా వచ్చాను. ఇంకొక్క ముక్క చెప్పినా గెలిచేదాన్ని."

మాస్టారు తలెత్తి చూశాడు. గెలిచిన పిల్ల తడి ఒంటితో పరిగెత్తి ఒకావిణ్ణి వాటేసుకుంది. నెరిసిన జుట్టు, అరిగిన చెప్పులు. ఆవిడే!

మాస్టారు గబగబా పక్క బడి హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళాడు.

"మీరు మోసపోయారండీ. ఆవిడ పతకం ఉత్త వెండి. నేనే కొలిచాను. సాంద్రత పదిన్నర!"

"సరిగ్గానే కొలిచారు," హెడ్మాస్టరు నవ్వాడు. "ప్రపంచ పోటీల్లో మొదట వచ్చినవాళ్ళకి ఇచ్చేది వెండి పతకమే మాస్టారూ. పైన బంగారు పూత ఉంటుంది. ముద్ద బంగారంతో చేయడం ఎప్పుడో మానేశారు."

మాస్టారు వేళ్ళ మీద ఆ లెక్కే మళ్ళీ వేసుకున్నాడు.

"మాకూ ముందు తెలియదు. ఒకసారి ఈది చూపించమన్నాం. ఆ ఈత చూశాక ఒళ్ళు గగుర్పొడిచి పాత పేపర్లు తిరగేశాం. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది కదా, జనం మరిచిపోయారు."

హెడ్మాస్టరు ఆవిడ వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఈతలో మన దేశానికి అలాంటి పతకం ఇప్పటిదాకా ఒక్కటే వచ్చింది, అది తెచ్చింది ఆవిడే."